ఏటిపాలైన లోహము దొంగలపాలైన కథ

మోటారు కారును దొంగిలించుట కొత్త విషయము కాదు. చక్రములను, బ్యాటరీలను ఊడదీసి అమ్ముకొను దొంగలును ఎప్పటినుండియో ఉన్నారు. కాని 2020వ సంవత్సరము మొదలు రెండు మూడేండ్ల పాటు అమెరికా దేశములో ఒక వింత దొంగతనము విరివిగా జరిగినది. రాత్రివేళ ఇంటిముందు నిలిపియున్న కారు క్రిందికి ఒక మనిషి దూరును. బ్యాటరీతో నడచు రంపముతో పొగగొట్టమును రెండు చోట్ల కోయును. ఒకటి రెండు నిమిషములలో ఒక లోహపు డబ్బాను చంకన పెట్టుకొని పోవును. తెల్లవారి యజమాని ఇంజను నడుపగనే చెవులు పగులునట్లు మ్రోత పుట్టును. అప్పుడుగాని సొత్తు పోయిన సంగతి అతనికి తెలియదు.

ఆ డబ్బా పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. మన భాషలో ఉత్ప్రేరక పరివర్తకము అనవచ్చును. ఇట్టి దొంగతనములపై బీమా కంపెనీలకు అందిన అర్జీలు 2020లో 16,660 కాగా, 2022లో 64,701 అని అక్కడి నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో లెక్కకట్టినది. రెండేండ్లలో దాదాపు నాలుగు రెట్లు! పొగగొట్టములోని డబ్బాకు ఇంత గిరాకి ఎందుకు వచ్చినది? దీనికి సమాధానము కావలెనన్న రసాయన శాస్త్ర చరిత్రలో రెండున్నర శతాబ్దములకు పైగా వెనుకకు పోవలెను.

దక్షిణ అమెరికాలో నేటి కొలంబియా దేశమున్న ప్రాంతము 18వ శతాబ్దములో స్పెయిన్ ప్రభుత్వము క్రింద ఉండేది. అచ్చటి చోకో సీమలో ఏటి ఇసుకను గాలించి బంగారము తీయువారికి, పసిడి రేణువులతో పాటు తెల్లని బరువైన రేణువులు కూడ దొరికేవి. అవి వారి కొలుములలో కరిగేవి కావు. వాటిని వారు ప్లాటినా అన్నారు. ‘చిన్న వెండి’ అని ఆ మాటకు అర్థము. అది గౌరవముతో పెట్టిన పేరు కాదు. బంగారము సాంద్రత 19.3 కాగా ఈ లోహము సాంద్రత 21.4. కనుక దీనిని బంగారములో కలిపినచో తూకములో తేడా పట్టుట కష్టము. ఈ మోసమును అరికట్టుటకై దొరికిన ప్లాటినమును ఏటిలో పారవేయుమని అధికారులు ఉత్తరువులిచ్చినారు. స్పెయిన్ నౌకాదళమునకు చెందిన ఆంటోనియో డి ఉల్లోవా 1748లో ప్రకటించిన యాత్రా గ్రంథములో ఈ లోహమును గురించి వ్రాసినాడు. అప్పటినుండి ఐరోపా శాస్త్రజ్ఞుల దృష్టి దానిపై పడినది.

1802–1804 మధ్య లండనులో విలియం వొలాస్టన్ ముడి ప్లాటినమునుండి మరి రెండు లోహములను వేరుచేసినాడు. అవి పల్లాడియము, రోడియము. రెండవదాని లవణములు గులాబి రంగులో ఉండుటచే, గులాబిని తెలుపు గ్రీకు మాటనుండి దానికి పేరు పెట్టినాడు.

1817లో హంఫ్రీ డేవీ ఒక చిత్రమైన ప్రయోగము చేసినాడు. ఇంధన వాయువును, గాలిని కలిపి, ఆ మిశ్రమములో వేడిచేసిన ప్లాటినము తీగను ఉంచినాడు. మంట లేకుండగనే తీగ కణకణ ప్రకాశించినది. ఇంధనము ఆమ్లజనితో కలిసిపోయినది గాని తీగ తరుగలేదు. ఇట్టి చర్యలకు 1835లో స్వీడను శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ‘క్యాటలిసిస్’ అని పేరు పెట్టినాడు. ఉత్ప్రేరకము మన పెండ్లిండ్ల పేరయ్య వంటిది. ఉభయులను కలుపును, తాను మాత్రము ఎప్పటివలెనే మరొక ఇంటికి బయలుదేరును. పాఠకులు ఈ ఒక్క లక్షణమును మనసులో ఉంచుకొనవలెను.

ఇక కార్ల సంగతి. 1940 తరువాత లాస్ ఏంజెలెస్ నగరములో కండ్లు మండించు పొగమంచు ప్రబలినది. కార్ల పొగలోని పదార్థములపై సూర్యరశ్మి పనిచేయుటయే దీనికి కారణమని 1950 ప్రాంతములో హాగెన్-స్మిట్ అను రసాయనికుడు నిరూపించినాడు. ఆ పొగను శుద్ధిచేయుటకు ఫ్రాన్సునుండి అమెరికాకు వచ్చిన యూజీన్ హూడ్రీ అను ఇంజనీరు ఒక ఉత్ప్రేరక పరికరమును కల్పించి, 1956లో పేటెంటు పొందినాడు. కాని ఆనాటి పెట్రోలులో సీసము కలిపేవారు. ఆ సీసము ఉత్ప్రేరకముపై పేరుకొని దానిని చెరచును. అందుచే పరికరము మూలపడినది. 1970లో అమెరికా ప్రభుత్వము కఠినమైన వాయు శుద్ధి చట్టము చేసిన తరువాత, సీసము లేని పెట్రోలు వచ్చినది. 1975 నమూనా కార్లలో పరివర్తకములు అమరినవి. మన దేశములో 1995లో నాలుగు మహానగరములలోని కొత్త పెట్రోలు కార్లకు ఇది తప్పనిసరి అయినది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయినది.

పరివర్తకము లోపల తేనెపట్టువంటి పింగాణి దిమ్మ ఉండును. దాని సన్నని గదుల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము కొద్ది గ్రాములు మాత్రమే పలుచగా పూసియుండును. మొదటి రెండును విషవాయువైన కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు గాలిగాను, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని నీటి ఆవిరి, బొగ్గుపులుసు గాలులుగాను మార్చును. రోడియము నత్రజని ఆక్సైడులను విడగొట్టి నత్రజనిగా చేయును.

దొంగ రహస్యమంతయు ఇచ్చటనే ఉన్నది. పెట్రోలు కాలిపోవును, టైర్లు అరిగిపోవును. కాని ఉత్ప్రేరకము తరిగిపోదు. పదేండ్లు తిరిగిన పాత కారులో సయితము ఆ లోహములు చాలవరకు నిలిచియుండును. రోడియములో అధికభాగము దక్షిణ ఆఫ్రికా గనులనుండియే రావలెను. 2016లో ఔన్సు రోడియము ధర 700 డాలర్లకు లోపలనే ఉండేది. చైనా, ఐరోపాలలో వాహనపు పొగ నిబంధనలు బిగిసినవి. 2020లో దక్షిణ ఆఫ్రికాలోని ఒక పెద్ద శుద్ధి కర్మాగారము ప్రమాదము వలన ఆగినది. 2021 మార్చి నాటికి ధర 29,000 డాలర్లను సమీపించినది. విద్యుత్తుతోను పెట్రోలుతోను నడచు హైబ్రిడ్ కార్లలో ఇంజను తక్కువసేపు పనిచేయుటచే పరివర్తకము అంతగా పాడుకాదు. ఈ సూక్ష్మమును దొంగలు త్వరగానే గ్రహించినారు. 2021 ప్రాంతములో గుజరాతు, మహారాష్ట్రలలో కూడ వ్యానుల సైలెన్సర్లు దొంగలపాలైనవి.

డబ్బాపై కారు నంబరు లేకపోవుట దొంగకు అనుకూలించినది. తుక్కు వ్యాపారి చేతికి చేరిన తరువాత అది ఎవరిదో తేల్చుట కష్టము. 2022 నవంబరులో అమెరికా ప్రభుత్వము ఒక పెద్ద ముఠాపై దాడిచేసి, 21 మందిపై నేరము మోపి, 54 కోట్ల డాలర్లకు పైగా సొత్తును స్వాధీనపరచవలెనని కోరినది. అదే ఏడు కాలిఫోర్నియా రాష్ట్రము, హక్కుదారులనుండి తప్ప ఇతరులనుండి వీటిని కొనరాదని చట్టము చేసినది. 2023 చివరకు రోడియము ధర 5,000 డాలర్లకు లోపునకు పడిపోయినది, దొంగతనములును తగ్గినవి.

నష్టము యజమానితో ఆగదు. పాత కారు గలవాడు తరచు పేదవాడే. కొత్త పరికరము ఖరీదు కొన్నిసార్లు అతని కారు విలువను మించును. పరికరము లేక ఆ కారు నడచినచో విషవాయువులు వీధిలోని పిల్లల ఊపిరితిత్తులలోనికే పోవును. దొంగకు దక్కునది కొద్ది గ్రాముల లోహము. వీధికి పోవునది మంచి గాలి.

తరిగిపోని ఈ గుణమే సక్రమమైన మార్గములోను ఉపయోగపడుచున్నది. కాలము చెల్లిన కార్ల పరివర్తకములను కర్మాగారములలో శుద్ధిచేసి, ఆ లోహములనే కొత్త కార్లకు తిరిగి వాడుచున్నారు. ‘ఉత్ప్రేరకము చర్య ముగిసిన పిదప మార్పులేక మిగులును’ అని తరగతిలో చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఈ డబ్బా కథను కూడ చెప్పవచ్చును. నిర్వచనములోని ‘మిగులును’ అను మాట విలువ ఎంతో విద్యార్థులకు అప్పుడు తెలియును.