2ఎన్3055 ట్రాన్సిస్టరు: మైకుసెట్లలో వాడకం, జత కుదర్చడం

2ఎన్3055 అనేది లోహపు డబ్బాలో వచ్చే ఎన్‌పీఎన్ రకం సిలికాన్ పవర్ ట్రాన్సిస్టరు. అమెరికాకు చెందిన ఆర్‌సీఏ సంస్థ 1960ల తొలినాళ్లలో దీన్ని తెచ్చింది. 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు దీని గరిష్ఠ పరిమితులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమ్మవారి పండగలకూ పెళ్లిళ్లకూ పద్యనాటకాలకూ మోగిన మైకుసెట్లలో ఈ కోవ ట్రాన్సిస్టర్లే చాలాకాలం గొట్టం స్పీకరును మోగించాయి. సొంతంగా ఆంప్లిఫయరు కట్టుకునేవాళ్లు నేటికీ పాత సెట్లలోంచి వీటిని ఊడదీసి దాచుకుంటారు.

డబ్బా మీద నంబరు ఒకటే అయినంత మాత్రాన రెండు ట్రాన్సిస్టర్లు ఒక్కలాగే పనిచేయవు. 4 ఆంపియర్ల దగ్గర దీని గెయిన్, అంటే బేసు కరెంటుకు కలెక్టరు కరెంటు ఎన్ని రెట్లో ఆ లెక్క, 20 నుంచి 70 దాకా ఎంతైనా ఉండవచ్చని తయారీదారు ఇచ్చే వివరాల పట్టికే చెబుతుంది. ఒకే పెట్టెలోంచి తీసిన రెండింటి మధ్య మూడు రెట్ల తేడా ఉన్నా కంపెనీ మాట తప్పినట్టు కాదు. గెయిన్ దగ్గరగా ఉన్న రెండింటిని ఏరి జత కుదుర్చుకోవలసింది సెట్టు కట్టేవాడే.

మన దగ్గరికి వచ్చిన తీరు

బెంగళూరులో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం సెమీకండక్టర్ల తయారీ చేపట్టింది. ఢిల్లీలో కాంటినెంటల్ డివైస్ సంస్థ 1964లో వచ్చింది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఊళ్లలోకి ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చిన కాలం అదే. వాటి వెంట బాగుచేసే బల్లలూ వచ్చాయి.

తొలి తరం జెర్మేనియం జంటల్లో ఏడీ161, ఏడీ162 పేరున్నవి. ఒకటి ఎన్‌పీఎన్, రెండోది పీఎన్‌పీ. చిన్న గదిలో వాటి ధ్వని ఎంత మెత్తగా ఉన్నా మన ఎండలకు అవి తగినవి కావు. జెర్మేనియంలో వృథాగా కారే కరెంటు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుంది. ఆ కరెంటు వేడిని పెంచితే, ఆ వేడి మళ్లీ కరెంటును పెంచుతుంది. లోపలి స్ఫటికం 90 డిగ్రీలు దాటితే ఇక ఆశ లేదు. 200 డిగ్రీల దాకా తట్టుకునే సిలికాన్ వచ్చాక పందిట్లో మైకుసెట్టుకు ఊపిరి ఆడింది.

సెట్టు లోపల

ఊళ్లలో తిరిగిన మైకుసెట్లు సాధారణంగా కరెంటు మీదా 12 వోల్టుల బ్యాటరీ మీదా కూడా నడుస్తాయి. రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును చెరో వైపు నుంచి లాగుతాయి. అవతలి చుట్టు 70 లేదా 100 వోల్టుల లైనును ఇస్తుంది. గుడి దగ్గర సెట్టు పెట్టి, ఊరి చివరి చెట్టుకు గొట్టం కట్టినా తీగలో శక్తి పెద్దగా పోకపోవడానికి కారణం ఈ లైనే.

జత కుదరని సెట్టు ముందుగా బయటపడేది కూడా ఈ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే. రెండు ట్రాన్సిస్టర్లూ సమానంగా కరెంటు తీసుకుంటే రెండు చుట్లలోని అయస్కాంత బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సప్లయి నుంచి వచ్చే హమ్మింగు కూడా అలాగే రద్దవుతుంది. ఒకటి ఎక్కువ తాగితే ఇనుప కోరు ఒకవైపే అయస్కాంతమై నిండిపోతుంది. మృదంగం దెబ్బ పగులుతుంది, పాట ఆగినప్పుడల్లా హమ్మింగు తేలుతుంది. కెపాసిటర్లు మార్చి మార్చి విసిగిపోయే మెకానిక్కు ఒకసారి రెండు ఎమిటర్ల కరెంటు కొలిచి చూడడం మేలు.

ట్రాన్స్‌ఫార్మరు లేని సర్క్యూట్లలోనూ జత తప్పదు. ఇంజనీరు హెచ్.సి. లిన్ 1956లో ప్రకటించిన పద్ధతిలో పైనా కిందా ఒకే రకం ట్రాన్సిస్టరు ఉంటుంది. గట్టి పీఎన్‌పీ సిలికాన్ పవర్ ట్రాన్సిస్టరు దొరకని రోజుల్లో అదే దారి. లిన్స్‌లీ హుడ్ 1969లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన 10 వాట్ల క్లాస్-ఏ ఆంప్లిఫయరులోనూ రెండు ఎన్‌పీఎన్‌లే ఉన్నాయి. దాన్ని తర్వాతి తరాల ఔత్సాహికులు 2ఎన్3055తో కట్టారు, ఇంకా కడుతున్నారు. ఇంట్లో వినడానికి కట్టుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఆ సర్క్యూటే.

కొలిచే విధానం

మల్టీమీటరులోని గెయిన్ రంధ్రాలు ఈ పనికి చాలవు. అవి మైక్రో ఆంపియర్ల బేసు కరెంటుతో కొలుస్తాయి. అక్కడ సమానంగా కనబడ్డ జంట ఒక ఆంపియరు దగ్గర విడిపోవచ్చు.

12 వోల్టుల బ్యాటరీ, 560 ఓములు, 4.7 ఓముల రెసిస్టర్లు, ఒక ఆంపియరు మీటరు ఉంటే చాలు. 4.7 ఓములది కనీసం 10 వాట్లది కావాలి. ట్రాన్సిస్టరును హీట్ సింకుకు బిగించి, బేసుకు 560 ఓముల గుండా, కలెక్టరుకు మీటరు, 4.7 ఓముల గుండా ప్లస్సు ఇస్తారు. ఎమిటరు మైనస్సుకు పోతుంది. బేసు కరెంటు సుమారు 20 మిల్లీ ఆంపియర్లు. మీటరు ఒక ఆంపియరు చూపితే గెయిన్ 50. రెండోది 0.9 నుంచి 1.1 ఆంపియర్ల మధ్య చూపితే జంటగా వాడుకోవచ్చు.

కొలిచేటప్పుడు చేతి వేడి కూడా లెక్కే. చల్లటి డబ్బాను రెండు వేళ్లతో కాసేపు పట్టుకుంటే బేసు-ఎమిటరు వోల్టేజి జారడం మీటరులో కనిపిస్తుంది. డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అందుకే అన్నింటినీ ఒకే హీట్ సింకు మీద, కరెంటు ఇచ్చాక అన్నింటికీ సమానంగా కొన్ని క్షణాలు ఆగి కొలవాలి.

కాడికి రెండు ఎడ్లు

ఎక్కువ వాట్ల కోసం ట్రాన్సిస్టర్లను పక్కపక్కనే సమాంతరంగా కలిపినప్పుడు గెయిన్ కంటే బేసు-ఎమిటరు వోల్టేజి ముఖ్యం. అక్కడ 20 మిల్లీవోల్టుల తేడా ఉంటే లెక్క ప్రకారం ఒకటి రెండోదానికి రెట్టింపు కరెంటు మోస్తుంది. మోసేది వేడెక్కుతుంది. 10 డిగ్రీలు వేడెక్కితే మరో 20 మిల్లీవోల్టులు జారి ఇంకా ఎక్కువ మోస్తుంది. కాడిలో ఒక ఎద్దే బరువంతా లాగి కూలబడినట్టు ముందు అది పోతుంది, ఆ వెంటనే రెండోదీ పోతుంది. ప్రతి ఎమిటరుకూ విడిగా 0.22 ఓముల రెసిస్టరు పెడితే అదే 20 మిల్లీవోల్టులు 91 మిల్లీ ఆంపియర్లకు మించి తేడా తేలేవు. ఈ చిన్న రెసిస్టరు మానేసి మిగిల్చుకునేదేమీ లేదు.

వేడి, ఉప్పుగాలి

115 వాట్ల మాట డబ్బా 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. ఆ పైన ప్రతి డిగ్రీకీ 0.66 వాటు చొప్పున తగ్గించుకోవాలి. డబ్బా 80 డిగ్రీలకు చేరితే మిగిలేది 79 వాట్లే. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరంలో పొద్దుటినుంచి ఆగకుండా మోగే సెట్టుకు ఈ లెక్క వర్తిస్తుంది. రాత్రంతా సాగే పద్యనాటకంలో నటుడు రాగం తీసి స్వరం నిలిపినంతసేపూ ట్రాన్సిస్టరుకు తెరిపి ఉండదు.

డబ్బానే కలెక్టరు కాబట్టి దానికీ హీట్ సింకుకూ మధ్య పల్చని మైకా బిళ్ల వేస్తారు. మన గూడూరు గనులు పేరు తెచ్చుకున్న అభ్రకం ఇదే. బిళ్లకు రెండు వైపులా తెల్లటి పేస్టు పల్చగా రాయాలి. కళింగపట్నం, బారువ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉక్కు డబ్బా అంచున తుప్పు లేచి ఆ బిళ్లను చీలుస్తుంది. పాతది బిగించే ముందు అడుగు భాగాన్ని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది చదును చేయాలి.

పాతదీ కొత్తదీ

1970ల నడిమి దాకా ఆర్‌సీఏ హోమెటాక్సియల్ అనే పద్ధతిలో వీటిని చేసింది. బేసు మందం, వేగం తక్కువ, ఒకేచోట వేడి పోగై చావడాన్ని బాగా తట్టుకునేవి. ఆ తర్వాత ఎపిటాక్సియల్ రకం వచ్చింది. పాత దాని వేగం 0.8 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటే కొత్తది 2.5కు చేరింది. గెయిన్ సరిపోయినా ఒక పాతదీ ఒక కొత్తదీ కలిపి జంట కట్టకూడదు. హెచ్చు స్థాయి స్వరాల దగ్గర అవి కలిసి నడవవు. నెమ్మది ట్రాన్సిస్టరు కోసం రాసిన సర్క్యూట్లో కొత్తది పెడితే అసలు పాటే లేకుండా లోలోపల ఊగుతూ వేడెక్కవచ్చు కూడా.

ఇప్పుడు బల్ల మీద కట్టే పెద్ద ఆంప్లిఫయర్లు ఎక్కువగా 5200, 1943 నంబర్ల ప్లాస్టిక్ జంటతో వస్తున్నాయి. అవి మంచివే. అయినా తాతల నాటి సెట్టును బాగుచేసేటప్పుడు దాని నంబరే వెయ్యాలని నా పట్టుదల. బజారులో నకిలీలు ఉన్నాయి. అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే అక్షరాలు చెరిగిపోవడం ఒక గుర్తు. మాడిపోయిన దాని మూతను హాక్సాతో కోసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నకిలీలో 15 ఆంపియర్లు మోయవలసిన చోట చిన్న ట్రాన్సిస్టరుకు సరిపడే స్ఫటికం ముక్క అంటించి ఉంటుంది.

సరిపోయిన జంట దొరికాక రెంటినీ ఒకే దారంతో కట్టి, గెయిన్, వోల్టేజి, కొలిచిన తేదీ రాసిన చీటీ చుట్టి, తేమ తగలని డబ్బాలో పెడతారు. ఒకటి పోయిన రోజున రెండోదాన్ని కూడా దించి, మళ్లీ కొలిచి, కొత్త జోడు వెతుకుతారు.