26 ఛక్కాలు, ఒక సవాల్

మా పాశమైలారంలో ఆదివారం వచ్చిందంటే కంపెనీల నడుమ ఖాళీగా పడున్న ప్లాట్లన్నీ మైదానాలే. నైట్ షిఫ్ట్ దిగిన బిహారీ పిల్లలు, ఒడిశా పిల్లలు, మన మొహల్లా పిల్లలు కలిసే ఆడతారు. అక్కడి కానూన్ వేరు. బంతి కంపెనీ కాంపౌండ్ లోపల పడితే ఛక్కా కాదు, ఔట్. బంతి పైసలు కూడా కొట్టినోడే కట్టాలి.

మొన్న ఆట చూసి వస్తుంటే మా చిన్నోడు అడిగాడు: "అబ్బా, ఒక్క ఇన్నింగ్స్‌లో 26 ఛక్కాలు కొట్టినాయన హైదరాబాదోడే అంట కదా. మనోడేనా?"

మొదటి మాట నిజమే. 2024 జనవరి 26న హైదరాబాద్ నెక్స్‌జెన్ గ్రౌండ్‌లో అరుణాచల్ ప్రదేశ్‌తో రంజీ ప్లేట్ మ్యాచ్ మొదలైంది. మన ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో 300 దాటాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంత తేజీగా ఎవరూ కొట్టలేదు. మొత్తం 181 బంతుల్లో 366, అందులో 26 ఛక్కాలు. అంతకు ముందు రికార్డు న్యూజిలాండ్ ఆటగాడు కొలిన్ మన్రోది, 23. అరుణాచల్ బౌలింగ్ కమ్‌జోర్, ఒప్పుకోవాల్సిందే. అయినా కమ్‌జోర్ బౌలింగ్ మీద ఎందరో ఆడారు, 26 మాత్రం ఎవరూ కొట్టలేదు. మరుసటి నెలలోనే కడపలో ఆంధ్రా కుర్రాడు వంశీకృష్ణ రైల్వేస్ మీద ఒకే ఓవర్లో ఆరుకి ఆరు ఛక్కాలు బాదాడు. ఆ టోర్నీ పేరు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ.

ఇక "మనోడేనా" అన్న సవాల్. దానికి జవాబు ఆ ట్రోఫీ పేరులోనే ఉంది.

కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగపూర్‌లో పుట్టాడు. ఖాందాన్ మాత్రం మన తెలుగోళ్లది, మూలాలు బందరువి. 1926లో అమెరికాలో బేబ్ రూత్ వరల్డ్ సిరీస్ మ్యాచ్ ఒకదానిలో మూడు హోమ్ రన్లు కొట్టి దునియాని హైరాన్ చేశాడు. అదే సంవత్సరం డిసెంబర్ 1న బొంబాయి జింఖానాలో ఆర్థర్ గిల్లిగన్ ఎంసీసీ జట్టు మీద నాయుడు సాబ్ 116 నిమిషాల్లో 153 కొట్టాడు. 11 ఛక్కాలు, 13 చౌకాలు. చెట్ల మీద, మిద్దెల మీద ఎక్కి చూశారు జనం. పరాయి హుకూమత్ కింద బతుకుతున్నోళ్లకు ఒక్కో ఛక్కా ఒక్కో జవాబులా తోచింది.

ఇక్కడే ఒక కడవ నిజం ఉంది. ఆ రోజు నాయుడు ఆడిన జట్టు పేరు 'హిందూస్'. అప్పట్లో బొంబాయి టోర్నీలో హిందువులకు, ముసల్మాన్లకు, పార్సీలకు, తెల్లోళ్లకు వేరువేరు టీములు. 1946 దాకా సాగింది ఆ సిల్‌సిలా. మా చిన్నోడి సవాల్ ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, దానికి అంత పాత జడలున్నాయి.

కానీ తారీఖ్ అక్కడే ఆగలేదు. 1928లో క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన తొలి టెస్టు, కప్తాన్ నాయుడు. ఆ పదకొండు మందిలో వజీర్ అలీ, నజీర్ అలీ, జహంగీర్ ఖాన్, మహమ్మద్ నిసార్ ఉన్నారు. పార్సీలు కోలా, పాలియా ఉన్నారు. సిక్కు లాల్ సింగ్ ఉన్నాడు. నిసార్ తొలి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు పడగొట్టాడు. చేతికి దెబ్బ తగిలినా నాయుడు చేసిన 40 ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్లందరిలో ఎక్కువ. మ్యాచ్ ఓడిపోయాం, ఇజ్జత్ మాత్రం నిలబడింది. ఆ టూర్‌కి వెళ్లినోళ్లలో మన హైదరాబాద్ ఎస్.ఎం.హాదీ కూడా ఒకడు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ ఆయనదే.

ఇందోర్‌లో ముస్తాక్ అలీ అనే పిల్లాడిలోని హునర్‌ని కనిపెట్టి దారి చూపింది కూడా నాయుడే. ఆ పిల్లాడే 1936లో మాంచెస్టర్‌లో 112 కొట్టి, విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ చేసిన తొలి హిందుస్తానీ అయ్యాడు. 1945లో కలకత్తాలో ఆస్ట్రేలియన్ సర్వీసెస్‌తో మ్యాచ్‌కి ఆయన్ని పక్కన పెడితే, ముస్తాక్ లేకపోతే టెస్టే లేదని జనం అడ్డం తిరిగారు. చివరికి ఆయన్ని తీసుకోక తప్పలేదు. ముల్క్ బట్వారాకి ఇంకా రెండేళ్లు కూడా లేని రోజులవి!

ఇదంతా విని మా చిన్నోడు కాసేపు చుప్ అయ్యాడు. "అయితే తన్మయ్ మనోడే కదా అబ్బా" అన్నాడు. మనోడే బేటా, నాయుడూ మనోడే, ముస్తాక్ అందరోడు అన్నాను.

దోస్తులారా, ఈ జుమ్మా దస్తర్‌ఖాన్ దగ్గర మీ పిల్లలకు 1932 టీమ్ పేర్లు ఒక్కసారి చదివి వినిపించండి. స్కూల్ కితాబుల్లో దొరకవు, మనమే చెప్పాలి.