ధర్మశాసనము, దినముల లెక్క
(కథోలిక కుటుంబములలో సంతాన నియమనము)

సంతానము ఎంత ఉండవలెనను ప్రశ్న వైద్యమునకు, ఆర్థికశాస్త్రమునకు సంబంధించినంతగా ధర్మమునకును సంబంధించినది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురం పీఠభూమిలో ఈ ప్రశ్న మరింత కఠినమైనది. వేరుసెనగ చేతికి రాని ఏట ఇంటిలో ప్రతి నోరును లెక్కకు వచ్చును. ఇచటి కథోలిక కుటుంబములు చర్చినుండి ఒక సమాధానమును, ప్రభుత్వ ఆసుపత్రినుండి వేరొక సమాధానమును వినుచు వచ్చినవి.

ఈ సీమలో కథోలిక మతము క్రొత్తది కాదు. 18వ శతాబ్ది తొలినాళ్లలోనే ఫ్రెంచి జెస్యూటు గురువులు కర్ణాటక మిషన్ పేర కృష్ణాపురం, మదిగుబ్బ మొదలగు గ్రామములలో మతబోధ చేసిరి. నాడు మతము స్వీకరించిన రెడ్డి కుటుంబములు కొన్ని పిదప గుంటూరు సీమకు తరలిపోయినవి. 1967లో కర్నూలు మేత్రాసనము ఏర్పడినపుడు అనంతపురం అందులో చేరినది. మరుసటి ఏటనే సంతాన నిరోధమును గూర్చి రోమునుండి ప్రసిద్ధమైన లేఖ వెలువడినది.

శాసనము ఏమి చెప్పుచున్నది?

1930 డిసెంబరు 31న 11వ పయస్ పోపు 'కాస్తీ కొన్నూబియీ' అను విశ్వలేఖలో కృత్రిమ నిరోధమును పాపముగా ప్రకటించెను. 1951లో 12వ పయస్, తగిన కారణమున్న దంపతులు గర్భధారణ జరుగని దినములను ఎంచుకొనవచ్చునని చెప్పెను. 1963లో 23వ జాన్ పోపు ఈ విషయమును పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. 6వ పాల్ దానిని విస్తరించెను. 1966లో సంఘసభ్యులలో అధికసంఖ్యాకులు నియమమును సడలింపవచ్చునని అభిప్రాయపడినను, పోపు అంగీకరింపలేదు. 1968 జూలై 25 తేదీతో వెలువడిన 'హుమానే వీటే' విశ్వలేఖ మాత్రలను, సాధనములను, సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్సను నిషేధించినది.

ఇచట ఒక విషయము గమనింపదగినది. అధిక సంతానము కనవలెనని చర్చి విధింపలేదు. బిడ్డల సంఖ్యను నిర్ణయించుకొను బాధ్యత దంపతులదేనని 1965లో ముగిసిన రెండవ వాటికన్ మహాసభ కూడ చెప్పినది. వివాదమంతయు మార్గమును గూర్చియే.

దినముల లెక్క

అనుమతి పొందిన మార్గమునకు శాస్త్రాధారము కలదు. తరువాతి బహిష్టునకు సుమారు 14 దినములు ముందుగా అండము విడుదల అగునని జపానులో ఒగీనో, ఆస్ట్రియాలో క్నాస్ 1920-30 నడుమ కనుగొనిరి. అండము ఒక దినమునకు మించి జీవింపదు. శుక్రకణములు అయిదు దినములవరకు జీవింపవచ్చును. కావున అతిచిన్న ఋతుచక్రమునుండి 18, అతిదీర్ఘ చక్రమునుండి 11 తీసివేసి, ఆ నడిమి దినములలో సంయమము పాటింపవలెను. ఒక స్త్రీకి చక్రము 26 మొదలు 32 దినములవరకు మారుచుండెననుకొందము. ఆమెకు 8వ దినము మొదలు 21వ దినమువరకు, అనగా నెలలో 14 దినములు విడువవలసియుండును.

ఈ లెక్కకు క్రమమైన ఋతుచక్రము, చక్రములను గుర్తించి వ్రాసికొను అలవాటు, భర్త సహకారము మూడును కావలెను. బిడ్డకు దీర్ఘకాలము పాలిచ్చు తల్లికి బహిష్టు ఆగియుండును. అట్టివేళ లెక్కకు మొదలే దొరకదు. చాలినంత ఆహారము లేనివారికి చక్రము క్రమము తప్పుట కలదు.

రామనగరం ప్రయోగము

ఈ పద్ధతిని చర్చికంటె బాహ్యముగ పరీక్షించినది భారత ప్రభుత్వమే. ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీజీ అనుయాయి. గాంధీజీ కృత్రిమ నిరోధమును అంగీకరింపలేదు. ఆమె కోరికపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్‌ను పంపెను. ఢిల్లీలోని లోడీ కాలనీలోను, అనంతపురమునకు దక్షిణమున బెంగుళూరు-మైసూరు మార్గముననున్న రామనగరంలోను ప్రయోగములు జరిగినవి. చదువురాని స్త్రీలకు రంగుపూసల దండలనిచ్చి, దినమునకొక పూస చొప్పున లెక్కించుట నేర్పిరి. నేర్చుకొన గోరినవారు పెక్కుమంది. విడువక ఆచరించినవారు కొద్దిమంది. 1952లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. క్రమముగ ప్రభుత్వము శస్త్రచికిత్సవైపే మొగ్గినది.

ఆచరణ ఎట్లున్నది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల వివాహితలలో నూటికి సుమారు 70 మంది, జనులు 'పిల్లల ఆపరేషన్' అని పిలుచు శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దినముల లెక్క మొదలగు సంప్రదాయ పద్ధతులవారు నూటికి ఒక్కరు కూడ లేరు. ఒక స్త్రీకి సగటున కలుగు సంతానము రాష్ట్రములో 1.7, దేశమందలి క్రైస్తవులలో 1.88. ఇవి కథోలికులను విడదీసి చూపిన అంకెలు కావు. అయినను ఇంత చిన్న కుటుంబములు, ఇంత స్వల్పమైన దినముల లెక్క ఒకేచోట కనబడుచుండగా, కథోలిక గృహములు మాత్రము పొరుగిండ్లకు పూర్తిగ భిన్నముగ నడచుచున్నవని తలచుట కష్టము. అమెరికాలో ఈ లెక్కను నేరుగా తీసిరి. అచట చర్చి నిషేధించిన పద్ధతులను వాడు కథోలిక గృహిణులు 1955లో నూటికి సుమారు 30 మంది; విశ్వలేఖ వెలువడిన రెండేండ్లకు, 1970లో, సుమారు 68 మంది.

దీనిని విశ్వాసలోపమని మాత్రమే ఎంచుట తొందరపాటగును. పూసల దండ నెలనెలయు భార్యాభర్తలిరువురి నిర్ణయమును కోరును. ఆపరేషన్ ఒక్క దినముతో ముగియును. కూలికై బెంగుళూరు మొదలగు నగరములకు వలసపోవు కుటుంబములకు రెండవదే సులభముగ తోచుట సహజము. కాని దాని భారమంతయు స్త్రీ దేహముపైననే పడినది. రాష్ట్రములో భర్త శస్త్రచికిత్స చేయించుకొన్న దంపతులు నూటికి ఒక్కరైనను లేరు. చర్చి చూపిన మార్గము భర్తనుండి సంయమమును కోరినది. ప్రభుత్వము చూపిన మార్గము స్త్రీకి లెక్క తప్పు భయమును తొలగించినది. భర్త బాధ్యతను, స్త్రీ నిర్భయతను ఒకచోట చేర్చగల మార్గము ఈ పీఠభూమి గృహములకు ఇంకను చేరవలసియున్నది.