ఇరవై ఏళ్ల 108: అబిడ్స్, నాంపల్లి వైపు నుంచి ఓ చూపు

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. అంతకుముందు అబిడ్స్ సర్కిల్లో ఎవరినైనా బండి గుద్దితే, దయగల వాళ్లెవరో ఆటో ఆపి, పట్టుకుని ఎక్కించి ఉస్మానియా ఆస్పత్రికి పంపేవారు. పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని పక్కకు తప్పుకునే వాళ్లూ ఉండేవారు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. కానీ ఆ తీర్పు అక్కరకొచ్చేది ఆస్పత్రి గడప దగ్గర. గడప దాకా చేర్చేదెవరు? ఆ పని 108 అందుకుంది.

సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం నెలకొల్పిన ఈఎంఆర్‌ఐ సంస్థ, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి దీన్ని ప్రారంభించింది. 2009లో సత్యం కుప్పకూలాక 108 గతేమిటన్న బెంగ పుట్టింది. అదే ఏడాది జీవీకే గ్రూపు ముందుకు రావడంతో బళ్లు ఆగలేదు.

అమెరికాలో చాలాచోట్ల అంబులెన్సుల ఏర్పాటు కౌంటీ చూసుకుంటుంది. మన దగ్గర రాష్ట్రమంతటికీ ఒకటే ఏర్పాటు. నాంపల్లి స్టేషన్ ముందు నుంచి చేసినా, ఆదిలాబాద్ తండా నుంచి చేసినా ఫోను మోగేది దేవరయాంజాల్‌లోని 108 కేంద్రంలోనే. అక్కడ వివరాలు రాసుకుని, దగ్గర్లోని బండికి కబురు పంపుతారు. బండిలో ఇద్దరుంటారు: నడిపే పైలట్, చికిత్స చేసే ఈఎంటీ. అనుమానమొస్తే ఈఎంటీ కేంద్రంలోని డాక్టర్ని ఫోన్లో అడుగుతారు. దారిలో చూసిన నాడి, బీపీ, ఇచ్చిన మందు కాగితం మీద రాసి ఆస్పత్రిలో అప్పగిస్తారు.

మన పేటల్లో అసలు చిక్కు చిరునామాతోనే. ఇంటి నంబరు 5-8తో మొదలై బార్ల మీద బార్లు వేసుకుంటూ పోతుంది. దాన్ని పట్టుకుని ఇల్లు కనుక్కోవడం పాతకాపులకే కష్టం. జీపీవో ఎదురు సందు, యూసుఫైన్ దర్గా గేటు, చిరాగ్ అలీ లేన్లో ఫలానా కాంప్లెక్సు వెనక అంటే పైలట్‌కు దారి తెలుస్తుంది. నుమాయిష్ ప్రదర్శన రోజుల్లో సాయంత్రం రద్దీ వేళ ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చుట్టూ ఈ గుర్తుల విలువ ఇంకా పెరుగుతుంది.

అందుకే ఫోన్ చేసినప్పుడు ముందు గుర్తు చెప్పండి, ఒకరిని సందు మొదట్లో నిలబెట్టండి, బండి వచ్చేదాకా ఫోను ఖాళీగా ఉంచండి. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడిన వారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఇక పక్కకు తప్పుకోవడానికి సాకు లేదు.