ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్: దుస్తులు, సామగ్రి

నేపాల్‌లోని లుక్లా సుమారు 2,860 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి కాలినడకన చేరుకునే ఎవరెస్ట్ దక్షిణ బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఎండలో చెమట పట్టిన ఒళ్లే మబ్బు కమ్మగానే వణుకుతుంది. అందుకే ఒక్క మందపాటి కోటు కన్నా, వేసుకుంటూ విప్పుకుంటూ నడవగలిగే పొరలు మేలు.

ఒంటిని అంటుకునే పొర మెరీనో ఉన్నిదో పాలియెస్టర్‌దో కావాలి. మన వేసవికి హాయినిచ్చే నూలు బట్ట అక్కడ ప్రమాదకరం. చెమట పీల్చుకుని ఆరక, ఒంటి వేడిని లాగేస్తుంది. దానిపైన వెచ్చదనానికి ఫ్లీస్ అనే మెత్తని బట్ట చొక్కా, అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే జాకెట్. సాయంత్రాలకు పక్షి ఈకల నూగు నింపిన డౌన్ జాకెట్ తప్పనిసరి. తడిస్తే అది వెచ్చదనం కోల్పోతుంది కనుక ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా శ్రద్ధగా ఎంచుకోవలసినవి బూట్లు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, ట్రెక్‌లో వాడే ఉన్ని మేజోళ్లతోనే తొడిగి చూడాలి. దిగుడు దారిలో వేళ్లు ముందుకు గుద్దుకోకుండా చోటుండాలి. కొత్త బూట్లతో కొండెక్కడం పొక్కులను కొనితెచ్చుకోవడమే. కొన్ని వారాల ముందు నుంచే వాటితో నడవాలి.

మంచు మీద ప్రతిఫలించే అతినీలలోహిత కిరణాలు కళ్లను దెబ్బతీస్తాయి. పక్కలు కూడా మూసే చలువ కళ్లద్దాలు అవసరం.

లుక్లా వెళ్లే చిన్న విమానాల్లో సామాను బరువుపై గట్టి పరిమితి ఉంటుంది. కనుక అవసరమైనవే సర్దుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్, డౌన్ జాకెట్ కొనకపోయినా, కాఠ్మాండూలోని థమేల్ దుకాణాల్లో అద్దెకు దొరుకుతాయి.