కర్ణాట నగరమున కొండవీటి కవి

కొండవీటి వారికి పరదేశపు సరకులు క్రొత్తవి కావు. అద్దంకినుండి రెడ్డిరాజధానిని ఈ గిరిదుర్గమునకు మార్చిన అనవోతారెడ్డి, 1358 లో మోటుపల్లి రేవున కేతెంచు వర్తకులకు అభయమొసగుచు శాసనము వేయించిన నాటినుండియు, సముద్రాంతర ద్రవ్యములు ఇచటి అంగళ్ళకు చేరుచునే యుండెను. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చుచు, ఆ సెట్ల యోడలు తెచ్చు హురుముంజి గుఱ్ఱములను, సింహళపు టేనుగులను, భోటదేశపు కస్తూరిని, చీనాంబరములను పేర్కొనెను. అట్టి పురమున వర్ధిల్లిన కవి, మఱియొక మహానగరమును చూచి దాని సంపదకే నివ్వెఱపోయెనని తలచుట పొరపాటు.

పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున శ్రీనాథుడు విద్యాధికారి. రాణి సూరాంబ త్రవ్వించిన తటాకమును గూర్చిన 1409 నాటి ఫిరంగిపురము శాసనమును రచించినవాడు అతడే. ఏ పండితుడు సభాప్రవేశమునకు అర్హుడో నిర్ణయించు పదవి యది. 1420 లో ప్రభువు గతించెను. నాలుగేండ్లకు రాజ్యమే అంతరించెను. అనంతరము కర్ణాట ప్రభువైన ప్రౌఢదేవరాయల దర్శనమునకై విజయనగరము చేరిన శ్రీనాథుడు, ఒకనాడు ఇతరులను పరీక్షించి పంపిన ద్వారము వంటి ద్వారము కడనే, తాను పరీక్ష్యుడై నిలువవలసివచ్చెను.

అదే ప్రభువు కాలమున ఆ నగరమును చూచిన మఱియొక పరదేశి, తైమూరు వంశీయుడగు షారూఖు పంపిన రాయబారి అబ్దుర్ రజాకు. హీరాతున బయలుదేరి, హురుముంజిలో ఓడయెక్కి, కళ్ళికోట మీదుగా అతడు 1443 ఏప్రిలు చివర విజయనగరము చేరెను. ఒకదాని లోపల నొకటిగా ఏడు ప్రాకారములు. వెలుపలి మూడింటి నడుమ పొలములు, తోటలు, ఇండ్లు. లోపలికి పోయినకొలది క్రిక్కిఱిసిన అంగళ్ళు. రాజమందిరము చెంత నాలుగు పెద్ద బజారులు. ఒక్కొక్క వృత్తివారి దుకాణములు ఒక్కచో. బహిరంగముగా కెంపులును వజ్రములును అమ్ము రత్నవర్తకులు. అన్నమువలె గులాబీలు లేనిదే గడవని జనులు. నున్నగా చెక్కిన రాతికాలువలలో పాఱు నీరు. మహర్నవమి సందడిలో గానమునకు తొండమాడించు ఏనుగులు: ఇవన్నియు అతని వ్రాతలో కలవు. ఆ విభ్రమము నడుమ అతడు మఱొక్కటి కూడ మఱువక వ్రాసికొనెను. రాజు తనకు దినదినము రెండు గొఱ్ఱెలు, నాలుగు జతల కోళ్ళు, అయిదు మణుగుల బియ్యము, మణుగు వెన్న, మణుగు చక్కెర, రెండు వరహాల బంగారము పంపించుచుండెనట!

శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులలో ఈ గులాబీలు లేవు, వజ్రములు లేవు. ఆ దేశపు మర్యాద ననుసరించి తలకు కుళ్ళాయి పెట్టి, పొడవాటి అంగీ తొడిగి, వెల్లుల్లి మెసవి, చల్లయంబలి త్రాగి, ఇంత చేసినను దయరాదాయని కన్నడ రాజ్యలక్ష్మిని వేడుకొనుటయే అందలి విషయము. దీనిని కేవలము ఇంటి బెంగగా భావించువారు పల్నాటిపై అతడు చెప్పినట్లు ప్రసిద్ధమైన చాటువులను స్మరింపవలెను. కొండవీటికి పొరుగుననున్న ఆ సీమలోని నాపరాళ్ళును, జొన్నకూడును, తేళ్ళును అతని నాలుకకు చిక్కకపోలేదు. కనుక వెల్లుల్లి యొక నెపము మాత్రమే. తానెవరో చెప్పుకొనిననే గాని తెలియని స్థితి, ఒకప్పటి విద్యాధికారికి ఆ వేషముకంటె బరువైనది.

అనంతర వృత్తాంతము ప్రసిద్ధమే. ఆస్థానవిద్వాంసుడైన గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, ముత్యాలశాలలో కనకాభిషేకమును, కవిసార్వభౌమ బిరుదమును పొందెనని పరంపర చెప్పుచున్నది. ఆ బిరుదముతో వెలుపలికి వచ్చిన నాడు నగరమునందలి ప్రాకారములు అవియే, అంగళ్ళు అవియే, వంటలలోని వెల్లుల్లియు అదియే. ఆ పిమ్మట అంబలిని గూర్చి అతడు మొఱపెట్టుకొనినట్లు మాత్రము ఎవరును చెప్పరు.

యాత్రికుల వ్రాతలనుండి పూర్వనగరముల రూపమును గ్రహింపగోరు వారు, ఆ వీధుల వర్ణనను నమ్ముటకు ముందు, వ్రాసినవానికి ఆ పూట అన్నము పెట్టినదెవరో విచారించుట మేలు.