లైసెన్సు లేని అప్పు, కోర్టు గడప

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి, ఆ నేల మీద నిజాం కాలపు చట్టం ఒకటి దాదాపు ఆరు దశాబ్దాలుగా అమల్లో ఉంది. అదే హైదరాబాద్ వడ్డీ వ్యాపారుల చట్టం, 1349 ఫసలీ, అంటే 1939-40 నాటిది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవాడు బాకీ రాబట్టుకోవడానికి దావా వేస్తే కోర్టు దాన్ని కొట్టివేయాలన్నది అందులోని నియమం. ప్రామిసరీ నోటు అసలుదే అయినా, దానిమీద సంతకం తనదేనని బాకీదారు ఒప్పుకున్నా ఫలితం అదే.

ఈ ఆలోచన నిజాం సర్కారు కనిపెట్టింది కాదు. లండన్ నగరంలో లైసెన్సు లేని ఒక బ్రోకరు తన కష్టార్జితం కోసం కోర్టుకెళితే 1836లో ‘కోప్ వర్సెస్ రోలండ్స్’ తీర్పు అతన్ని ఉత్తచేతులతో పంపింది. తొమ్మిదేళ్లకు, ‘స్మిత్ వర్సెస్ మాహుడ్’లో లైసెన్సు లేని పొగాకు వ్యాపారికి మాత్రం సరుకు డబ్బు దక్కింది. తేడా లైసెన్సు ఉద్దేశంలో ఉంది. బ్రోకరు లైసెన్సు జనం మోసపోకుండా పెట్టింది. పొగాకుది ఖజానా నింపుకోవడానికి. పన్ను ఎగ్గొట్టినవాడికి జరిమానా చాలు, ఒప్పందాన్ని చంపనక్కరలేదు.

భారతదేశంలో 1872 కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షన్, చట్టం నిషేధించిన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదంటుంది. 1932 భాగస్వామ్య చట్టం మధ్యేమార్గం పట్టింది. రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ చేసుకున్న ఒప్పందం బతికే ఉంటుంది, కానీ దాని ఆధారంగా బయటివారి మీద దావా వేసే హక్కు సంస్థకు ఉండదు. బయటివారు మాత్రం దానిమీద వేయొచ్చు. గచ్చిబౌలిలో ఇద్దరు స్నేహితులు రిజిస్ట్రేషన్ లేకుండా భాగస్వామ్యంగా నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకూ, బిల్లు ఎగ్గొట్టిన క్లయింటుకూ మధ్య లెక్క ఇదే.

వడ్డీ వ్యాపార చట్టాలకు హద్దు గీసింది సుప్రీంకోర్టు. 1970లో ‘గజానన్ వర్సెస్ సేఠ్ బృందావన్’ కేసులో, ఎప్పుడో ఒకసారి అప్పిచ్చినంత మాత్రాన అది వడ్డీ వ్యాపారం కాదనీ, ఒక పద్ధతి ప్రకారం పదేపదే ఇస్తూ ఉండాలనీ చెప్పింది. ఇల్లు కట్టుకుంటున్న బావమరిదికి చేబదులిచ్చినవాడు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేని సంస్థ అప్పివ్వకూడదు, పాత బాకీ వసూలూ చేయకూడదు. గ్రామాల్లో ఆత్మహత్యల వార్తల నడుమ వచ్చిన ఈ ఆంక్షతో వసూళ్లు కుప్పకూలాయి. ఆర్‌బీఐ నమోదున్న బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు (ఎన్‌బీఎఫ్‌సీలకు) రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో ‘నెడుంపిల్లి ఫైనాన్స్’ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వెలుగులోనే, ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన మైక్రోఫైనాన్స్ చట్టం కూడా వాటికి వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

అయితే ఈ చట్టాలన్నిటి వెనుకా ఒక నమ్మకం ఉంది: అప్పిచ్చినవాడు ఎప్పటికైనా కోర్టుకు రాక తప్పదని. ఆ నమ్మకాన్ని లోన్ యాప్‌లు వమ్ము చేశాయి. వారం రోజుల గడువుతో అప్పిచ్చి, ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, బంధువులకూ సహోద్యోగులకూ ఫోన్లు చేసి పరువు తీసే పద్ధతికి దావాతో పనేముంది? 2020 డిసెంబరులో ఆత్మహత్యల తరువాత సైబరాబాద్, హైదరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. దావా కొట్టివేత అనే పాత శిక్ష ఇక్కడ ఎవరికీ తగల్లేదు. ఉపయోగపడింది క్రిమినల్ కేసులే.

2022 సెప్టెంబరు 2 నాటి ఆర్‌బీఐ మార్గదర్శకాలు అందుకే డబ్బు దారినే పట్టుకున్నాయి. అప్పు సొమ్ము నమోదున్న సంస్థ ఖాతా నుంచి నేరుగా బాకీదారు ఖాతాలో పడాలి. యాప్ ఫోన్‌బుక్‌నూ కాల్ జాబితానూ ముట్టుకోరాదు. 2025 జూలై నుంచి నమోదున్న సంస్థల తరఫున పనిచేసే యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్లో ఉంది. మాదాపూర్ హాస్టల్లో ఉండే ఉద్యోగి అప్పు తీసుకునే ముందు అందులో యాప్ పేరు వెతుక్కోవచ్చు. కాకపోతే అది సంస్థలు ఇచ్చిన వివరాలతోనే తయారైన జాబితా. వాటికి ఆర్‌బీఐ పూచీ పడదు.